టై కుదురుగా నిలవడం వెనుక కథ



ఈ రోజు నేను మీతో ముచ్చటించబోయేది మెడలో కట్టుకునే టై గురించి. పంటల గురించో పండుగల గురించో చెప్పవలసిన వేళ ఈ టై ప్రస్తావన ఏమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. అయితే బడికి పోయే పిల్లలున్న ఇంట్లో పొద్దున పూట వినిపించే గొడవ ఒకసారి గుర్తు చేసుకోండి. టై కనిపించదు. కనిపిస్తే ముడి ఊడి ఉంటుంది. కడితే ఒక పక్కకు తిరుగుతుంది. బడి గేటు చేరేలోపు చెవి కిందికి పోతుంది. ఇది మన ఇళ్ళలోకి వచ్చేసిన వస్తువే. వచ్చినదాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటే, దాన్ని ఎలా కుదురుగా నిలపాలో కూడా తెలుస్తుంది.

నేను ఉండేది భివండీలో. మహారాష్ట్రలో ఠాణే జిల్లాలో, ముంబయికి ఈశాన్యంగా, కామ్వారీ నది పక్కన ఉన్న ఊరు. మీ ఊళ్ళ నుంచి, మీ వాడల నుంచి ఎవరో ఒకరు భివండీ పోయినవారే ఉంటారు కాబట్టి ఎక్కువ పరిచయం అక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పద్మశాలీలు తరాలుగా షోలాపూర్, ముంబయి, భివండీ బాట పట్టారు. అంతకుముందే తెలుగు కూలీలు ముంబయి చేరి కట్టడం పనులు చేశారు. వారిని కామాఠీలు అనేవారు. కామాఠీపుర అన్న పేటకు ఆ పేరు వారి వల్లనే వచ్చింది. భివండీలో 1930ల నుంచి కరెంటు మగ్గాలు పెరిగాయి. మనవాళ్ళు వాటిని సాంచాలు అంటారు. 1982 జనవరి 18న ముంబయిలో బట్టల మిల్లుల సమ్మె మొదలయ్యాక అక్కడి పని చాలావరకు ఇక్కడి సాంచాల మీదికి వచ్చింది. పద్మనగర్ అనే పేటలో ఈ రోజుకీ వీధి పొడవునా తెలుగే వినిపిస్తుంది. ఇప్పుడు చాలా కార్ఖానాలు మూతపడి గోదాములు వెలిశాయి. అయినా ఒక సందులో నిలబడితే చాలు, నాడె చప్పుడు గుండెకు తగులుతూనే ఉంటుంది.

ఆ సందుల్లోంచే ప్రతి పొద్దున పిల్లలు టైలు కట్టుకుని బడికి బయలుదేరుతారు. రాత్రి పాళీ ముగించుకున్న తండ్రులు తలనిండా దూది నుసితో అదే సమయంలో ఇంటికి వస్తారు. తండ్రి బట్ట నేస్తాడు. ఆ బట్టతో కుట్టిన టైని కొడుకు మెడలో సరిచేయమంటే మాత్రం చేతులు వెనక్కి తీసుకుంటాడు. "మాకేం తెలుస్తది సార్, గది సదువుకున్నోళ్ళది" అంటాడు. ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. అది నిజం కాదని చెప్పడానికే ఈ ప్రసంగం.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందట నేను బి.ఎడ్. చదువుతున్నప్పుడు, పాఠబోధన పరీక్షకు మగవాళ్ళందరూ టై కట్టుకుని రావాలన్నారు. స్నేహితుని దగ్గర ఒకటి అడిగి తెచ్చుకుని, తోచినట్టు ముడి వేసుకుని, ఒక బడిలో ఏడో తరగతి ముందు నిలబడ్డాను. పటం విప్పడానికి వంగితే టై కొస సుద్దముక్కల డబ్బాలో పడింది. నల్లబల్ల వైపు తిరిగితే భుజం మీదికి ఎగిరింది. పాఠం సగానికి వచ్చేసరికి ముడి రెండో గుండీ దాకా జారింది. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. పరిశీలించడానికి వచ్చిన పెద్దాయన నా పుస్తకంలో, విషయం బాగుంది, వేషధారణలో శ్రద్ధ అవసరం అని రాసి వెళ్ళారు.

ఇంటికి వచ్చి ఆ టైని మంచం మీద విసిరికొట్టాను. మా నాయిన అప్పుడే పాళీకి పోవడానికి తయారవుతున్నాడు. చిన్నప్పుడు ఊళ్ళో గుంట మగ్గం మీద నేత నేర్చి, తర్వాత ఇక్కడికి వచ్చి సాంచాలు నడిపినవాడు. ఆ టైని చేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి తిప్పి చూశాడు. రెండు కొసలు పట్టి మెల్లగా గుంజి వదిలాడు. తర్వాత ఇలా అన్నాడు: "గీ బట్ట ఐమూలకు కోసిండ్రు బిడ్డా. పడుగు నిలువుగ లేదు, పేక అడ్డంగ లేదు. అందుకే గుంజితె సాగుతది, ఇడిస్తె మల్ల ఎన్కకొస్తది. బట్టది తప్పు లేదు, నీ ముడిది తప్పు."

జన్మలో టై కట్టని మనిషి అది. ఆయన అన్న మాట ఎంత లోతైనదో తర్వాత టై చరిత్ర చదివినప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఆ చరిత్రనే ఇప్పుడు క్లుప్తంగా మనవి చేస్తాను.

మెడకు గుడ్డ చుట్టుకోవడం చాలా పాత అలవాటు. చైనాలో 1974లో బయటపడిన మట్టి సైనికుల విగ్రహాలు క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటివి. ఆ సైనికుల మెడల్లో కూడా గుడ్డ చుట్టి ఉంది. అయితే నేటి టైకి తాత అనదగింది యూరప్‌లో 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ళ యుద్ధంలో కనిపిస్తుంది. ఫ్రాన్సు తరఫున పోరాడిన క్రొయేషియా సిపాయిలు మెడకు రుమాలు కట్టుకునేవారు. ఫ్రెంచివారికి అది నచ్చింది. క్రొయేషియావారి పేరు మీదనే దాన్ని క్రవాట్ అన్నారు. పద్నాలుగో లూయీ రాజు కాలానికి అది లేసు అంచులతో దర్బారు వేషమైంది. ఆ పుట్టుకను తలుచుకుంటూ క్రొయేషియావారు అక్టోబర్ 18వ తేదీని టై దినంగా జరుపుకుంటారు. అంటే శ్రోతలారా, దొరల వేషమని మనం అనుకునేది మొదట కూలికి యుద్ధం చేసే సిపాయి మెడ గుడ్డ అన్నమాట.

ఆ గుడ్డతో మొదటి నుంచీ ఉన్న చిక్కు ఒక్కటే. అది నిలవదు. గాలికి ఎగురుతుంది, పనికి అడ్డం వస్తుంది. 1692 ఆగస్టు 3న ఇప్పటి బెల్జియంలో ఉన్న స్టీన్‌కర్క్ అనే చోట ఫ్రెంచి సైన్యం మీద శత్రువులు హఠాత్తుగా వచ్చిపడ్డారు. తీరిగ్గా క్రవాట్ కట్టుకునే వ్యవధి లేక, అధికారులు దాని కొసలను మెలిపెట్టి కోటు కాజాలో దోపుకుని యుద్ధానికి పరుగెత్తారని చెబుతారు. గెలిచాక అదే కొత్త సొగసుగా మారింది. ఆడవారు కూడా అలా కట్టుకున్నారు. దానికి స్టీన్‌కర్క్ అనే పేరే స్థిరపడింది. కాజాలో దోపుకోవడం అన్న ఈ ముచ్చట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

తర్వాత వంద ఏళ్ళకు లండన్‌లో బ్రమ్మెల్ అనే సొగసుగాడు మరో ఉపాయం పట్టాడు. మెడ గుడ్డకు పలచగా గంజి పెట్టించాడు. గంజి పెట్టిన గుడ్డ పెట్టిన మడత మీద నిలుస్తుందని మన నేతగాళ్ళకు వేరే చెప్పాలా? పడుగుకు గంజి పట్టకపోతే పోగు నిలవదని మగ్గం కింద ఆడుకునే పిల్లవాడికి కూడా తెలుసు. బ్రమ్మెల్‌కు మాత్రం అది పెద్ద కళ అయింది. ఒక ముడి కుదరకపోతే ఆ గుడ్డ పారవేసి కొత్తది అందుకునేవాడని కథలున్నాయి.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి కార్ఖానాలు, ఆఫీసులు పెరిగాయి. గంటల తరబడి అద్దం ముందు నిలబడే తీరిక ఎవరికీ లేదు. అప్పుడు స్థిరపడింది ఇప్పుడు మనం చూసే పొడవాటి టై. దాని సాదా ముడికి ఇంగ్లీషులో నాలుగు గుర్రాల బండి పేరు ఉంది. ఆ టై కూడా తొందరగా మెలిపడేది. ముడి విప్పినా ముడత పోయేది కాదు. కారణం, గుడ్డను పోగు వెంట నిలువుగా కోయడమే. 1920ల్లో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే టైల తయారీదారు గుడ్డను 45 డిగ్రీల వాలులో, అంటే ఐమూలగా కోసి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటి నుంచి టై మెలిపడకుండా నిటారుగా వేలాడుతోంది, ముడి విప్పితే మళ్ళీ చదునవుతోంది.

మా నాయిన వేళ్ళతో గుంజి చెప్పింది ఇదే.

దీన్ని మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక చేతి రుమాలు తీసుకుని, అంచు వెంట పట్టి గుంజండి. సాగదు, ఎందుకంటే పడుగు పోగులు తిన్నగా అడ్డుపడతాయి. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టి గుంజండి. సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. పడుగు, పేక రెండూ కత్తెరలాగా కదిలి మళ్ళీ స్థానానికి చేరతాయి. అక్కలకు, చెల్లెళ్ళకు ఇది కొత్త కాదు. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి అమరినట్టు మామూలు కోత జాకెట్టు అమరదని వారికి తెలుసు. జాకెట్టులోని కిటుకే టైలోనూ ఉంది. ఇంకో సంగతి, మంచి టై వెనుక కుట్టు గట్టిగా ఉండదు. పొడవాటి ఒకే దారంతో వదులుగా కుడతారు. లోపల ఉన్ని అస్తరు ఉంటుంది. గుడ్డ సాగినప్పుడు దారం కూడా దానితో జరుగుతుంది. వదులుగా ఉందని ఆ దారాన్ని కత్తిరించకండి.

ఇక మన దేశం సంగతికి వద్దాం. 1888లో లండన్ వెళ్ళిన గాంధీగారు తన ఆత్మకథలో టై గురించి దాచకుండా రాసుకున్నారు. మొదట అది గిట్టలేదట. తర్వాత ఇష్టమైందట. ముడి వేసి అమ్మే టై కట్టుకోవడం మర్యాద కాదని విని, సొంతంగా కట్టుకోవడం నేర్చుకున్నారు. రోజూ నిలువుటద్దం ముందు పది నిమిషాలు టై సర్దుకోవడానికి, తల దువ్వుకోవడానికి వృథా చేశానని ఒప్పుకున్నారు. ఆ మనిషే 1921 సెప్టెంబరులో మదురైలో మోకాళ్ళ పైకి కట్టే అంగవస్త్రానికి దిగారు. అప్పటికే దేశం చేతికి రాట్నం ఇచ్చారు.

మహారాష్ట్రలో ఏ ఊరికి పోయినా మరో మహనీయుని విగ్రహం కనిపిస్తుంది. నీలి సూటు, మెడలో టై, చేతిలో పుస్తకం. డాక్టర్ అంబేడ్కర్‌గారు టై విడవలేదు. ఏ బట్ట కట్టుకోవాలో, ఎలా కట్టుకోవాలో కూడా పైవాళ్ళే శాసించిన సమాజంలో పుట్టి, కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషి ఆయన. 1927 డిసెంబరులో మహాడ్‌లో మహిళలతో మాట్లాడుతూ, అంటరానివారని గుర్తుపట్టించే కట్టు విడిచిపెట్టమని చెప్పారు. ఒకరు టై తీసివేయడంలోనూ గౌరవం ఉంది, మరొకరు కట్టుకోవడంలోనూ గౌరవం ఉంది. ఇద్దరూ బట్ట విలువ తెలిసినవారే. అందుకే సాంచె కార్మికుని బిడ్డ మెడలో టై చూసి ఎవరైనా వెక్కిరిస్తే నేను ఊరుకోను. అది లేని బిడ్డను తక్కువగా చూసినా ఊరుకోను.

సరే, పొద్దున గొడవ తీరే మార్గం చెప్పమంటారు కదా. వినండి.

మొదటిది, తప్పు సాధారణంగా టైది కాదు, చొక్కాది. మెడ దగ్గరి పై గుండీ ఊడిపోయి ఉంటే ఏ ముడీ నిలవదు. ఆ గుండీ ముందు కుట్టండి. కాలరు మరీ వదులుగా ఉన్నా టై జారుతుంది. పిల్లల టైలకు ఎలాస్టిక్ ఉంటుంది. అది సాగిపోతే కొత్త ఎలాస్టిక్ ముక్క వేయించండి, కొత్త టై కొననక్కరలేదు.

రెండోది ముడి. కాలరు పైకెత్తి టైని మెడ చుట్టూ వేసుకోండి. వెడల్పు కొస కుడివైపు, సన్న కొస కంటే బాగా కిందికి ఉండాలి. వెడల్పు కొసను సన్నదాని మీదుగా ఎడమకు దాటించి, వెనుక నుంచి కుడికి తెచ్చి, మళ్ళీ ముందు నుంచి ఎడమకు తిప్పండి. ఇప్పుడు దాన్ని మెడ దగ్గరి సందులోంచి కింది నుంచి పైకి తీసి, ముందున్న చుట్టులోంచి కిందికి దించండి. సన్న కొస పట్టుకుని ముడిని పైకి జరపండి. వెడల్పు కొస బెల్టు బిళ్ళను తాకితే సరైన పొడవు. బిగించేటప్పుడు ముడి కింద వేలితో చిన్న గుంట పడేట్టు నొక్కితే గుడ్డకు పట్టు దొరుకుతుంది. 1999లో కేంబ్రిడ్జిలో ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్క వేసి టై కట్టడానికి 85 విధాలున్నాయని తేల్చారు. మనకు ఈ ఒక్కటి చాలు.

మూడోది, టై వెనుక ఒక చిన్న పట్టీ ఉంటుంది. చాలామంది దాన్ని కంపెనీ పేరు కోసం అనుకుంటారు. సన్న కొసను దానిలోంచి దూర్చితే రెండు కొసలూ విడిపోవు. నాలుగోది క్లిప్పు. దాన్ని చొక్కా మూడో, నాలుగో గుండీల మధ్య పెట్టాలి. టై రెండు కొసలతోపాటు గుండీల పట్టీని కూడా పట్టుకోవాలి. ఒట్టి టైకి పెడితే అది అలంకారమే గాని ఆధారం కాదు. పూర్వం పిన్ను గుచ్చేవారు. సన్నని పట్టు టైలకు చిల్లులు పడుతున్నాయని 1920ల నుంచి క్లిప్పు వాడుకలోకి వచ్చింది. ఐదోది, సాయంత్రం విప్పేటప్పుడు తల మీదుగా లాగివేయకండి. వేసిన వరుసకు ఎదురుగా ముడి విప్పి, దండెం మీద వేలాడదీయండి. రాత్రంతా పోగులు సేదదీరి మళ్ళీ తిన్ననవుతాయి.

చివరగా ఒక ముఖ్యమైన మాట. టై ఉండకూడని చోట్లు కూడా ఉన్నాయి. 2007లో ఇంగ్లండు ఆరోగ్య శాఖ ఆసుపత్రి వార్డుల్లో డాక్టర్లు టై కట్టుకోవద్దని సూచించింది. తరచుగా ఉతకరు, వంగినప్పుడు రోగికి తగులుతుంది, రోగం మోస్తుందని కారణం. 2025 దాకా అమలులో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం 1948లోని 22వ సెక్షన్, నడిచే యంత్రం దగ్గర చేయి పెట్టే పనివాడు ఒంటికి అతుక్కునే బట్టలే వేసుకోవాలని చెప్పేది. చట్టం ఎరిగినా ఎరగకపోయినా, తిరిగే పట్టా ఏ గుడ్డనైనా లాక్కుంటుందని సాంచె నడిపినవాడికి తెలుసు.

కొద్దిరోజుల కిందట మా బడి పిల్లవాడు ఒకడు మధ్యాహ్నం తండ్రికి సద్ది డబ్బా ఇవ్వడానికి కార్ఖానాకు పోతుంటే, నేనూ అటే పోతున్నాను. వాడు గుమ్మంలో అడుగు పెట్టగానే లోపలి నుంచి తండ్రి కేక వేశాడు. సాంచాల చప్పుడులో మాట వినపడలేదు. తన ఛాతీ మీద చేత్తో సైగ చేశాడు. పిల్లవాడు వెంటనే టై కొసను రెండు గుండీల మధ్య చొక్కాలోకి దోపుకుని అప్పుడు లోపలికి నడిచాడు.

శ్రోతలారా, మూడు వందల ఏళ్ళ కిందట స్టీన్‌కర్క్ యుద్ధభూమిలో ఫ్రెంచి అధికారులు చేసింది సరిగ్గా అదే. ఆ తండ్రి ఏ చరిత్రా చదవలేదు. బట్ట స్వభావం తెలుసు, యంత్రం స్వభావం తెలుసు, బిడ్డ మీద ప్రేమ ఉంది. టైని కుదురుగా నిలపడానికి ఇంతకు మించిన చదువు లేదు.

కాబట్టి రేపు పొద్దున మీ బిడ్డ టై పట్టుకుని మీ ముందు నిలబడితే, నాకు రాదని పక్కకు తప్పుకోకండి. మీరు నేతవారైతే అది మీ చేతి విద్యే. కాకపోయినా ధోవతి కట్టిన, కండువా వేసిన, తలపాగా చుట్టిన చేతులే కదా మనవి. తెగిన పోగును రెప్పపాటులో అతికే వేళ్ళకు ఈ ముడి ఒక లెక్కా? నా మటుకు నేను, మా నాయిన ఆ రాత్రి పాళీకి ఆలస్యమైనా సరే నిలబడి సరిచేసిన ముడితోనే మరునాడు రెండో పాఠం చెప్పాను. గంట కొట్టేదాకా అది జారలేదు.